తలకిందుల చిలుకలు

మధ్యాహ్నం చాయ్ వేళకు షెడ్డులోని నాలుగు మగ్గాలూ ఒక్కసారే ఆగేవి. ఆడవాళ్లు బయట వసారాలో కండెలకు నూలు చుడుతుంటే, మగవాళ్లు కుర్ర నేతగాడు అశోక్‌కుమార్ ఫోన్ చుట్టూ చేరి బూతు వీడియోలు చూసేవారు. చౌటుప్పల్ పక్కనున్న ఆ నేతపనివాళ్ల ఊరిలో దీన్ని ఎవరూ తప్పనుకోలేదు. సౌండు తగ్గించి చూడటమే వాళ్లకు తెలిసిన మర్యాద.

వాళ్లలో పెద్దవాడు లక్ష్మీనర్సయ్య. యాభై దాటాయి. భార్య వసంతలక్ష్మిని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. చెడ్డవాడని అతన్ని ఊళ్లో ఎవరూ అనరు.

"మామా, గిది కొత్తది. సినిమోళ్లది గాదు, అసలుది" అన్నాడు అశోక్‌కుమార్.

"నీకేడ దొరుకుతయిరా గివి? మగ్గం మీద గింత ధ్యాస ఉంటే నీకు అవార్డొచ్చు. నాకు గూడ పంపు."

అందరూ నవ్వారు. బయట కండెలు చుట్టే చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

వచ్చింది వచ్చినట్టే లక్ష్మీనర్సయ్య దాన్ని మర్రిగూడలోని తన చిన్ననాటి దోస్తుల గ్రూపుకు పంపేశాడు. ఆ తర్వాతే తీరిగ్గా చూడబోయాడు. ఒక స్నానాల గది. పై కిటికీ సందులోంచి ఎవడో దొంగచాటుగా తీసింది. అమ్మాయి ముఖం గోడవైపు ఉంది. తలుపు మీద వేసిన చీర కొంగులో చిలుకల వరుసలు. అందులో ఒక వరుస తలకిందులుగా ఉంది.

అతను వీడియో ఆపేశాడు.

ముందే రంగులద్దిన కండెలను వరుస తప్పకుండా వాడితేనే కొంగులో బొమ్మ నిలబడుతుంది. తల్లి చనిపోయిన వారం, మనసు మనసులో లేక, అతను ఒక వరుస కండెలను చివరి నుంచి మొదటికి నేశాడు. ఆ చీరను నేయించిన సేటు తీసుకోనన్నాడు. తన చెల్లెలి కూతురు పుష్పకు మందుల కంపెనీలో కొలువు దొరికిన రోజున వసంతలక్ష్మి దాన్ని ఆమెకు పెట్టింది. "పెద్దబాపు తప్పు నేసిండు గని, నాకోసమే నేసినట్టున్నది" అని ఆ పిల్ల మురిసిపోయింది. అలాంటి చీర లోకంలో ఇంకొకటి లేదు.

పంపినదాన్ని తీసేయబోయేసరికి గ్రూపులో జవాబు వచ్చేసింది. "బావా, ఇంకుంటే పంపు."

పోయిన నెలలో పుష్ప హఠాత్తుగా కొలువు మానేసి, చౌటుప్పల్‌లో కిరాయి గది ఖాళీ చేసి, సంచితో వాళ్లింటికి వచ్చింది. ఆత్మకూరులో తల్లి దగ్గరికి పోతానంది. ఎందుకు మానేశావంటే తల వంచుకుంది. "గింత సుకుమారమైతే కొలువులేం జేస్తవు బిడ్డా" అని ఎగతాళి చేసింది అతనే. బస్సెక్కబోతూ ఆమె వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. అప్పుడు తన చూపు ఫోన్‌లో ఉంది. పోయేవాళ్లు చివరిసారి తిరిగి చూసినప్పుడు మనం ఎటు చూస్తున్నామో, అది తర్వాత మనల్ని నిద్రపోనివ్వదు.

సాయంత్రం భార్యకు అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడ్చింది. చివరికి అంది: "షెడ్డుల మీరు నవ్వుతుంటే మేం తలలొంచుకొని కండెలు చుట్టుకుంటున్నం. గా నవ్వు ఎవల మీదనో మాకెరుకే. మా మీదనే."

తెల్లారి, వాళ్లు పుష్పను తీసుకుని ఠాణాకు పోబోతున్నారని తెలిసి అశోక్‌కుమార్ పరుగెత్తుకొచ్చాడు. "ఠాణాకు పోతే అందరం ఇరుకుతం మామా! ముఖం గూడ కనవడలే. ఎవలకెరుక?"

"నాకెరుక" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

భార్యాభర్తలు ఆత్మకూరు చేరుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ పుష్ప సగం మనిషైపోయింది. ఆ వీడియో తీసినవాడు ముందు తనకే పంపి బెదిరించాడని పెద్దమ్మ అడిగితే చెప్పింది. ఆ భయంతోనే కొలువు మానేసింది.

అతను తల ఎత్తలేకపోయాడు. "బిడ్డా, నేను చూసిన. నేనే ఇంకొకలకు పంపిన. ఠాణాకు పోదాం రా. నా ఫోన్ ఇచ్చేస్త. ఎవలు పంపిన్రో, నేనెవలకు పంపిన్నో అంత చెప్త. నాకేమన్న గానీ."

"నన్నెట్ల గుర్తువట్టినవు పెద్దబాపూ?"

"నేను నేసిన చీర... ఆడ ఉండె."

"గా చీర ఆడ లేకుంటే?"

చీర లేకపోతే అతను చివరిదాకా చూసేవాడు. నవ్వేవాడు. చాయ్ తాగి మళ్లీ మగ్గంలో కూర్చునేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

పుష్ప లోపలికి వెళ్లి చెప్పులు వేసుకుని వచ్చింది. "నడువుండ్రి" అంది.

బస్సులో ఆమె పెద్దమ్మ పక్కన కూర్చుంది. వెనక సీటు ఖాళీగా ఉన్నా లక్ష్మీనర్సయ్య దారిపొడవునా నిలబడే ఉన్నాడు. ఠాణాలో ఏమడుగుతారో అన్న భయం ఇప్పుడు లేదు. ఆ పిల్ల అడిగిన మాటే మళ్లీ మళ్లీ వినిపిస్తోంది.

అతనికి ఆలస్యంగా తెలిసింది మనకు ముందే తెలియాలి: మనింటి ఆడపిల్లే అని తెలిశాక కళ్లు దించుకోవడం పెద్ద గొప్పేమీ కాదు, ఎవరి బిడ్డో తెలియనప్పుడు కూడా చూడకుండా, నవ్వకుండా, ఇంకొకరికి పంపకుండా ఉన్ననాడే మనం స్త్రీని మనిషిగా గౌరవించినట్టు.