వణుకు రాని చెయ్యి

ప్రింటేనా అని అడగడానికి కూడా ఒక పద్ధతుంటుంది కదా, సంతలో వంకాయ ముదిరిందో లేదో చూసినట్టు చీర కొంగుని రెండు వేళ్ళతో నలిపి, తిరగేసి, మళ్ళీ నలిపి, ప్రింటేనా అని అడిగి, కాదండీ చేత్తో వేసిందండీ అని నేను చెప్పేలోగానే పక్క స్టాలు వైపు తిరిగిపోయింది ఆ ఆకుపచ్చ చుడీదారావిడ, పొద్దుటి నుంచి ఇలా అడిగినవాళ్ళని లెక్కపెట్టడం మానేశాను, ఎగ్జిబిషన్‌కి ఇవాళే ఆఖరి రోజు, సాయంత్రానికి హాలు ఖాళీ చెయ్యాలి, మద్దిలపాలెం బస్సుల హారన్లు గోడలు దాటుకుని లోపలికొస్తున్నాయి, ఫ్యాను గాలికి తాడు మీద నా చీరలన్నీ ఊగుతున్నాయి, అన్నీ ఒకేలా, అదే కదా నేను చేసిన పాపం, ఒక్క గీతా తప్పలేదు, ఒక్క చుక్కా జారలేదు, మిషన్లోంచి ఊడిపడ్డట్టు ఉన్నాయి, అందుకే ఎవరూ నమ్మరు, పాలు మరీ తెల్లగా ఉన్నాయి సున్నపు నీళ్ళేమో అంటే పాలమ్మేది ఏం చెయ్యాలి, కొంచెం మట్టి కలిపి అమ్ముకోవాలా, కలపమనే చెప్పింది పొద్దున వచ్చిన బొటిక్ మేడం, ఆవిడ మాట మర్యాదగానే ఉంది, చలవద్దాలు నెత్తి మీదికి తోసుకుని చీరలన్నీ ఓపిగ్గా చూసి, పనితనం బావుందమ్మా దుర్గా, కానీ హ్యాండ్‌మేడ్ ఫీల్ లేదు, నా కస్టమర్స్‌కి చూడగానే ఇది చేత్తో వేసిందని తెలియాలి, గీతలో కాస్త వణుకుండాలి, రంగు అక్కడక్కడ పాకాలి, అలాంటిదొకటి వేసి ఉంచు, సాయంత్రం మళ్ళీ ఇటే వస్తాను, నచ్చితే అలాంటివి ముప్పై తీసుకుంటా అంది, ముప్పై అనగానే నా గుండె దడదడలాడింది గానీ చెయ్యి మాత్రం వణకలేదు, వణికితే బాగుండును.

ఖాళీ చీర బల్ల మీద పరిచి కూర్చున్నాను, ఉడత వెంట్రుకల బ్రష్షు నీలం రంగులో ముంచాను, వణుకు, వణుకు అని నాకు నేనే చెప్పుకున్నాను, బ్రష్షు బట్ట మీద ఆనిందో లేదో ఊపిరి దానంతటదే బిగుసుకుంది, మణికట్టు లేచింది, మోచెయ్యి జారింది, జానెడు గీత తాడు లాగి కట్టినట్టు తిన్నగా పడింది, ఛీ, ఇది నా ఊపిరి కాదు, మా నాన్న తవిటయ్యది, సబ్బవరం దగ్గర చోళ్ళు, అదే రాగులు, పండించుకునేవాడు, నీళ్ళు లేక ఆటోనగర్ వచ్చి లారీలకి బొమ్మలు వేశాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఊపిరి బిగపట్టే గుంటా, గీత సివరికెల్లీ వరకూ ఒదిలీకు, వొణికిందా ఓనరు సూత్తాడు, ఆడు సూడకపోతే ఎనకాలొచ్చే డ్రైవరు సూత్తాడు, రాయపూర్ దాకా మన పరువు రోడ్డు మీద ఎల్తాది అనేవాడు, పదేళ్ళ పిల్లకి రాయపూర్‌లో పరువేమిటో తెలియదు గానీ ఊపిరి బిగపట్టడం తెలిసిపోయింది, యూనివర్సిటీలో ఫైనార్ట్స్ చదువుతుంటే మాస్టారు నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, గీత శుభ్రంగా ఉందమ్మా, అందులో నువ్వే లేవు అన్నారు, తరగతిలో అందరూ విన్నారు, నేను లేకపోతే మరి ఎవరున్నారండీ అని అడగాలనిపించింది, ఇప్పుడీ మేడం కూడా అదే అంటోంది, కాకపోతే ఆయన మార్కులు తగ్గించారు, ఈవిడ ముప్పై చీరలు చేతికి అందేంత ఎత్తున పట్టుకుని నిలబడింది.

ఎడమ చేత్తో ప్రయత్నిద్దామని బ్రష్షు మార్చాను, ఎడమ చెయ్యీ తిన్నగానే వెళ్ళింది, వెళ్ళదూ మరి, లారీకి రెండు పక్కలుంటాయి, కుడి పక్క చిలక ఎటు చూస్తే ఎడమ పక్క చిలక దానికి ఎదురువైపు చూడాలి, అందుకని నాన్న నా ఎడమ చేతిని కూడా పనిలో పెట్టాడు, పక్క స్టాలు ధనశ్రీ ఇదంతా చూసి పొట్ట పట్టుకుని నవ్వుతోంది, జాలారిపేట పిల్ల, టాపుల మీద చేపలు వేసి అమ్ముతుంది, దాని చేపలకి ఒక కన్ను నుదుటి మీద, ఒక కన్ను తోక దగ్గర, అయినా పొద్దుటి నుంచి సంచులు సంచులుగా వెళ్ళిపోతున్నాయి, ఏటక్కా అలగ సూత్తన్నావు, మా తాత సారా తాగి ఇల్లెతుక్కున్నట్టు గియ్యాలి అంతే, నాకు గీత తిన్నగా రాదు గాబట్టి బతికిపోతన్నాను అంది, నువ్వొచ్చి నా మోచెయ్యి కుదుపు అన్నాను, వచ్చి కుదిపింది, చెయ్యి కుదుపుకి తగ్గట్టు సర్దుకుని తన దారిన తను పోయింది, ఓలమ్మ ఓలమ్మ, ఇది సెయ్యేటి, రైలు పట్టాలేటి అని బుగ్గలు నొక్కుకుంది, నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, వేయలేనివాళ్ళని చూశాను గానీ పాడుచెయ్యలేక ఏడ్చేదాన్ని నన్నే చూస్తున్నాను.

ఫోను మోగింది, మోహన్ బావ, మా ఆయనే, స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని, షిఫ్టు దిగి చేశాడు, వెనకాల ఎవరో అరుస్తున్నారు, ఏటయిందే, ఆ బట్టల కొట్టాయన మళ్ళీ ఫోన్ సేసినాడు, రేపు పొద్దున్నే బిల్లింగు కౌంటర్ కాడ ఉంటావా, ఇంకోల్లని పెట్టుకోమంటావా అని అడుగుతన్నాడు, ఏటి సెప్పమంటావు అన్నాడు, సాయంత్రం చెప్తాను బావా అన్నాను, నాను నిన్ను తోసీడం లేదు దుర్గా, నువ్వే అన్నావని అడుగుతన్నాను అన్నాడు, నిజమే, నేనే అన్నాను, ఈ ఎగ్జిబిషన్లో పెద్ద ఆర్డరొకటి దొరికితే సరే, లేదంటే సోమవారం వెళ్ళి గాజువాకలో ఆ కౌంటర్లో కూర్చుంటానని అన్నం తింటూ ధీమాగా అన్నాను, అన్నప్పుడు సోమవారం ఎక్కడో సముద్రం అవతల ఉంది, ఇప్పుడు హాలు గుమ్మంలో చెప్పులు విప్పుతోంది, ఆ కౌంటరు తలుచుకుంటేనే మెడ పట్టేస్తోంది, ఇంకొకళ్ళు మిషన్ మీద వేయించిన చీరలకి నేను బిల్లు కొట్టడం, సంచీలో పెట్టి ఇవ్వడం, మళ్ళీ రండమ్మా అనడం, కొన్నాళ్ళకి బ్రష్షుల వెంట్రుకలు ఎలకలు కొరికెయ్యడం, కొన్నేళ్ళకి ఎవరైనా అడిగితే అవునండీ అప్పట్లో వేసేదాన్ని అనడం, లేదు, అలా జరగనివ్వను, చెయ్యి వణకనంటే బుర్రతో వణికిస్తాను, వణుకు మాత్రం బొమ్మ కాదేమిటి, చిలక వేసినట్టు వణుకునీ వేస్తాను.

అలా అనుకున్నాక పని చిటికెలో అయిపోయింది, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు, ధనశ్రీ చేపల్ని కాసేపు గమనించాను, వణుకు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ లావెక్కి ఎక్కడ సన్నబడుతుంది, రంగు ఎక్కువైన చోట బట్ట ఎలా తాగుతుంది, చూసి వేశాను, తామర తీగ మొదటి రెండు పువ్వుల దాకా బాగానే నడిచి మూడో పువ్వు దగ్గర తడబడింది, ఆకు అంచు దాటి నీలం కాస్త పాకింది, ఎవరో ముసలావిడ కళ్ళజోడు లేకుండా ప్రేమగా వేసినట్టుంది, అందులో ముసలావిడా లేదు, ప్రేమా లేదు, ఎంత తడబడాలో కొలుచుకుని తడబడిన నా చెయ్యి ఉంది, రంగు ఆరుతుంటే ఆకుపచ్చ చుడీదారావిడ మళ్ళీ ఇటు వచ్చింది, అబ్బ ఇది చేత్తో వేసిందే కదూ, ఇందాక చూపించలేదేం అంది, నాకు ఒళ్ళు మండింది, ఇందాక చూపించినవన్నీ ఊపిరి బిగపట్టి వేసినవమ్మా, ఇదొక్కటే అబద్ధం అనాలనిపించింది, ఇది ఆర్డర్‌దండీ అన్నాను.

మేడం అన్న మాట ప్రకారం వచ్చింది, చీర చూడగానే మొహం వెలిగిపోయింది, ఇదీ, ఇదీ నేను అడిగింది, ఇందులో సోల్ ఉంది, చూశావా నీలో ఉంది, నువ్వే బయటికి రానివ్వడం లేదు అని నా భుజం తట్టింది, దూరం నుంచొక ఫొటో, దగ్గర్నుంచొక ఫొటో తీసుకుంది, ముప్పై ఖాయం అంది, పక్క నుంచి ధనశ్రీ బొటనవేలు ఎత్తి చూపిస్తోంది, నా నోట్లో థాంక్యూ తయారుగా ఉంది, అప్పుడు మేడం కొంగు మీద గోరు పెట్టి, ముప్పైయ్యీ ఎగ్జాక్ట్‌గా ఇలాగే ఉండాలమ్మా, ఈ మూడో పువ్వు దగ్గర తడబడింది చూడు, అన్నిటిలోనూ అక్కడే తడబడాలి, ఈ నీలం ఇంతే పాకాలి, ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటే కుదరదు, ఆన్‌లైన్లో ఒకటి చూపించి ఇంకొకటి పంపారని కస్టమర్లు తిప్పి పంపేస్తారు, చెయ్యగలవు కదా అంది, ఆవిడ ఎగతాళిగా అనలేదు, పాపం వ్యాపారం సంగతి చెప్పింది.

చెయ్యగలను, అదే కదా భయం, ఈ చేతికి ఒకసారి పట్టుబడింది పోదు, ముప్పై చీరల మీద మూడో పువ్వు దగ్గర ముప్పై సార్లు వెంట్రుకవాసి తేడా లేకుండా తడబడగలదు, నాన్న చెప్పినట్టే ఊపిరి బిగపట్టి తడబడగలదు, తర్వాత ఇంకో ముప్పై, ఆ తర్వాత ఇంకెన్నో, ఎప్పుడో ఒకరోజు నాన్న చూపు మందగించి, ఈ లారీకి ఓ గీత లాగీయే గుంటా అంటే కూర్చుంటాను, బ్రష్షు ఆన్చుతాను, సగానికి వెళ్ళేసరికి అడగకుండానే తడబాటు వచ్చేస్తుంది, నాన్న కిరసనాయిలు గుడ్డ తీసుకుని తుడిచేస్తాడు, చీర ఆవిడ వైపు జరిపి, ఇది తీసుకెళ్ళండి మేడం, ఇదొక్కటీ మీకే, ముప్పై మాత్రం నా వల్ల కాదు అన్నాను, ఆవిడ రేటు గురించా అంది, కాదండీ అన్నాను, ఆలోచించుకో అని కార్డు బల్ల మీద పెట్టి వెళ్ళింది, ధనశ్రీ పరుగెత్తుకొచ్చింది, పిచ్చేటే అక్కా నీకు, నోటి కాడికొచ్చింది ఒదిలీసినావు అని నన్ను పట్టుకుని కుదిపేసింది, కుదిపితే కుదపనీ, ముప్పై పోయాయి, చీరలు దించి మడతపెట్టి సంచీల్లో సర్దాలి, రేపు పొద్దున్నే బస్సెక్కాలి, అయినా ఇన్నాళ్ళూ ఆ కౌంటరు నా చేతిని మింగేస్తుందని హడలిపోయాను, కౌంటరుకి నా చేతితో పనేముంది, పగలంతా మీటలు నొక్కించుకుని సాయంత్రం వచ్చింది వచ్చినట్టే ఇంటికి పంపించేస్తుంది, చేతిని తీసుకుని తిరిగి ఇవ్వనిది ఈ ఆర్డరే, బావకి ఫోన్ చేశాను, ఏటయిందే అన్నాడు, రేపు వస్తానని ఆ కొట్టాయనకి చెప్పెయ్ బావా అన్నాను, ఏడుత్తన్నావేటి అన్నాడు, ఏడుస్తున్నాను గానీ చెయ్యి మాత్రం నా దగ్గరే ఉంది.