బిలం అంచున వెంట్రుకంత గీత

జావాలోని అగ్నిపర్వతం దిగుతుండగా నిఖిల కాలు బూడిదలో జారింది. పడినప్పుడు మెడలోని కెమెరా వెనక మూత తెరుచుకుంది. వెంటనే మూసేసింది కానీ, లోపలి ఫిల్ముకు ఎండ తగలనే తగిలింది.

ఆమెది అనకాపల్లి. సింగపూర్‌లో అగ్నిపర్వతాల మీద పరిశోధన చేస్తోంది. ఆమె ప్రొఫెసర్ ఇరవై ఏళ్ళుగా ఆ కొండ నెత్తిన ఉన్న బిలం అంచును ఏటా ఒకే చోటి నుంచి, ఒకే కెమెరాతో, నలుపు తెలుపు ఫిల్ము మీద తీసేవారు. పాత ఫొటో పక్కన కొత్తది పెట్టి చూస్తే కొండ ఎక్కడ కదిలిందో తెలుస్తుంది. ఆయన మోకాళ్ళు అరిగాక ఆ పని నిఖిలకు వచ్చింది. ఇది మొదటి ఏడాది.

తిరిగొచ్చాక ఫిల్ము కడిగే దుకాణంలో అడిగితే, ఆ రోలు మీద ఆశ వదులుకోమన్నారు. ఆమెతో ఫ్లాట్ పంచుకునే ఉమ మాత్రం, "బుకిట్ పంజాంగ్‌లో గురునాథం అంకుల్ ఉన్నారు. లైఫంతా ఫిల్ము కడిగారు, ఒకసారి చూపిద్దాం" అంది.

గురునాథం వాళ్ళ తాత తెల్లదొరల కాలంలో ఆంధ్ర తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. గురునాథం పుట్టి పెరిగింది ఇక్కడే. తువాస్‌లో ఓడలు కట్టే యార్డులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఇనుప రేకుల్ని వెల్డింగ్ చేసిన చోట ఎక్స్‌రే తీసి, ఆ ఫిల్ము కడిగి, అతుకులో చీలిక ఉందేమో చూడడం ఆయన ఉద్యోగం.

"రామ్మా. మకాన్ అయిందా, తిన్నావా?" అంటూ తలుపు తీశాడు. రోలు చేతిలోకి తీసుకుని, "ఎన్నో బొమ్మ కాడ తెరుచుకుంది?" అని అడిగాడు.

"ముప్పై ఒకటి తీశాక, అంకుల్."

"అయితే ఆఖరివి పోతాయి. ముందర తీసినవి లోపలి చుట్టల్లో ఉంటాయి. వాటికి ఎండ అంత తేలిగ్గా తగలదు. చూద్దాం."

కిటికీ లేని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు కింద తువ్వాలు కుక్కాడు. కొళాయి నీళ్ళ వేడికి ఫిల్ము పాడవుతుందని ఆయన భార్య వీరమ్మ ముందే గిన్నెడు ఐసు అందించింది. "నువ్వొస్తున్నావని తెలిసిన కాడి నుంచి ఆ ఫిల్ము కడిగే డబ్బాలు తుడుస్తానే ఉన్నాడు. పని మానేసి పన్నెండేళ్ళయిందమ్మా" అంది నిఖిలతో.

ఫిల్ము ఆరాక చూస్తే చివరి పదకొండూ పూర్తిగా నల్లబడిపోయాయి. బిలంలోంచి పొగ నిలువునా లేచినప్పుడు తీసినవి అవే.

"అలాంటి పొగ మళ్ళీ దొరకదంకుల్" అంది నిఖిల.

గురునాథం అప్పటికే లాప్‌టాప్ తెల్లటి తెర ముందు ఫిల్ము పట్టుకుని భూతద్దంతో చూస్తున్నాడు. ఏడో బొమ్మ దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఇది చూసినావా?"

"ఆ పెద్ద చీలికేగా. సార్ ఫొటోల్లో కూడా ఉంది."

"అది కాదమ్మా. దాని యెనకాల. యెంట్రుకలాగ పోతోంది చూడు."

"ఫిల్ము మీద గీత పడిందేమో."

"తర్వాత బొమ్మకి నువ్వు కాస్త పక్కకి జరిగినావు. గీత కూడా రాయితో పాటే జరిగింది. ఫిల్ము మీద పడిన గీతయితే అట్ట జరగదు."

నిఖిల నిరుటి ఫొటో తెరిచింది. అందులో ఆ గీత లేదు. గీతకూ బిలానికీ మధ్యనున్న నేల మీదే యాత్రికులు నిలబడేది, టీ కొట్లు ఉండేది. తనూ, దారి చూపించిన సుత్రిస్నో అనే గైడూ కూర్చుని అన్నం తిన్నదీ అక్కడే.

సాయంత్రానికి ఫొటోలు ప్రొఫెసర్‌కూ, ఆ కొండను కనిపెట్టుకుని ఉండే కార్యాలయానికీ వెళ్ళాయి. రెండు రోజుల్లో అంచు వెంబడి దారి మూసేశారు. ఆమెను తెచ్చింది నువ్వే, వెంట్రుకంత గీతకు బేరాలు పోగొట్టావని టీ కొట్లవాళ్ళు సుత్రిస్నోతో పోట్లాడారు. అతను ఫోన్‌లో ఆ మాట నిఖిలకు చెప్పాడు.

పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున, పెద్ద వాన తర్వాత, నలభై మీటర్ల పొడవున అంచు విరిగి బిలంలో పడింది. అక్కడ ఎవరూ లేరు.

ఆ కబురు చెప్పడానికి నిఖిల బుకిట్ పంజాంగ్ వెళ్ళింది. సుత్రిస్నో పంపిన ఫొటోను ఫోన్‌లో చూపించింది. గురునాథం దాన్ని పెద్దది చేసి, విరిగిన చోటు పొడవునా వేలు జరిపాడు.

"యార్డులో నేను చీలిక చూపిస్తే వెంటనే కోసి మళ్ళీ అతికేవాళ్ళు. అట్టాగే వదిలేస్తే పగిలేదో లేదో నాకెప్పుడూ తెలీలేదమ్మా" అన్నాడు.

ఫోన్ వీరమ్మకు ఇచ్చి, "మనుషులెవరూ లేరంట" అని చెప్పాడు.