కుడి రెక్క

వరద నీళ్ళు గడప దాటి వంటింట్లో మోకాటి లోతు నిలిచిన ఏడాది మొదలైంది ఇదంతా. నీళ్ళు తీశాక ఇంట్లో బురద ఎత్తింది కోడలు ఒక్కతే. ఆ బురదలో, కొట్టుకొచ్చిన పుల్లని కరుచుకుని, ఆమెకి మొదటి పెంకు పురుగు దొరికింది. నల్లగా ఉంది. కొంగుతో తుడిస్తే పచ్చగా మెరిసింది. పారెయ్యబుద్ధి కాలేదు.

మూడేళ్ళకి నాలుగొందల పన్నెండు అయ్యాయి. విడిగా తీరిక ఎక్కడిది? పిండి జల్లిస్తూ ఒకటి, బట్టలు ఆరేస్తూ ఒకటి. ఒక్కోదాన్నీ అట్టపెట్టెలో గుండుసూదితో గుచ్చి, కింద చీటీ పెట్టేది: ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా దొరికిందో. "ఇంట్లో ఉన్న పురుగులు చాలవని, దాచిపెడుతోంది మహాతల్లి" అనేది అత్తగారు. భర్త నవ్వేవాడు. "పోనీలేమ్మా, నగలు అడగట్లేదుగా." ఆ నవ్వుకే ఆమెకి ఒళ్ళు మండేది. తిట్టినా బాగుండు, అదొక పనని ఒప్పుకున్నట్టయినా ఉండేది.

కాలేజీలో పురుగుల పాఠం చెప్పే మేష్టారు ఎవరో చెబితే వాటిని చూడటానికి వస్తున్నారని తెలిసిన రోజు భర్త నవ్వలేదు. మ్యూజియంలో పెడతారట, కింద సేకరించినవారి పేరు వేస్తారట. "నా పేరు ఇస్తాలే. నీదైనా నాదైనా ఒకటేగా!" అన్నాడు. అంట్లు తోమేటప్పుడు ఏనాడూ ఒకటి కాలేదేం, అనుకుంది ఆమె.

మేష్టారు పెట్టెల మీద వంగి చాలాసేపు చూశారు. "చెయ్యి తిరిగిన పని సార్. ఎలా గుచ్చుతారో ఒకటి చూపిస్తారా?"

భర్త గుండుసూది అందుకున్నాడు. బల్ల మీద ఇంకా గుచ్చని పురుగు ఒకటి ఉంటే, దాని వీపు నడిమధ్యన దించాడు. పుటుక్కుమంది. రెండు రెక్కలూ చెరో వైపు ఎగిరాయి.

ఆమె టీ కప్పులతో గుమ్మంలో ఉంది.

"నడిమికి కాదండీ" అంది, కప్పులు కింద పెడుతూ. "అక్కడ అతుకు ఉంటుంది, చీలిపోతుంది. కుడి రెక్కకే గుచ్చాలి. ఎడమది చెక్కుచెదరకుండా మిగులుతుంది."

"నువ్వు లోపలికి పో."

ఆమె కదల్లేదు. మేష్టారు కళ్ళజోడు సవరించుకుని ఒక చీటీ పైకి చదివారు. "'అత్తగారికి కాళ్ళు పిసుకుతుండగా, కిటికీ మీద.' ఇది మీరు రాసిందేనా సార్?"

భర్త చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరు రాస్తేనేం లెండి. ఇద్దరం ఒకటేగా."

"ఒకటే అయితే నా పేరే రాసుకోండి మేష్టారూ" అంది ఆమె. "ఆయనకేం అభ్యంతరం ఉండదు."

మేష్టారు కలం తీశారు.

మర్నాడు పొద్దున భర్త టీ తనే కాచుకున్నాడు. పొయ్యి దగ్గర పంచదార డబ్బా ఎక్కడుందని రెండుసార్లు కేకేశాడు. పలికేవాళ్ళు లేరు. ఆమె అప్పటికే ఖాళీ సీసాతో ఏటి గట్టున ఉంది. నాలుగొందల పదమూడో చీటీ అక్కడే, మోకాలి మీద పెట్టుకుని రాసింది: 'ఏటి గట్టున. దీన్నే వెతుకుతుండగా.'