నరసరాజు గురక

నరసరాజు గురక పెడతాడని ఊరంతా నమ్మింది. నమ్మించింది ఎవరో కాదు, కట్టుకున్న ఇల్లాలు లక్ష్మీకాంతమే.

"నేను పెట్టనే కాంతం" అని ఆయన మొత్తుకుంటే, "ఎవరి గురక వారికి వినబడితే ఇంకేమండీ" అనేది ఆవిడ. ఆ మాటకి జవాబు చెప్పగలిగిన మొగుడు ఇంకా పుట్టలేదు. పైగా ఆయనకి తలాపున పిడుగు పడ్డా మెలకువ రాదు. అందుకని మంచం పడగ్గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వీధి అరుగు మీదికి చేరింది. చిత్రమేమిటంటే, మంచం ఎంత దూరం జరిగినా గురక తగ్గలేదంటుంది లక్ష్మీకాంతం. "అరుగు మీంచి కూడా వినబడుతోందమ్మా, అదేం ముక్కో!" అని పక్కింటావిడకి చెప్పేది. పాపం, చివరికి నరసరాజు కూడా నమ్మేశాడు.

అయితే ఆ వానాకాలం ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వనిది గురక కాదు, ఊడ్పులు. కొల్లేటి అంచున ఉన్న చేనుకి దమ్ము చేయించి, పక్కనున్న గుంటలోంచి నీళ్లు పెట్టుకుని, నాట్లకి మనుషుల్ని పిలిచాడు. వాళ్లు నాలుగు వరసలు వేశారో లేదో కాళ్లు గోక్కుంటూ గట్టెక్కేశారు. మోకాళ్ల దాకా ఎర్రటి దద్దుర్లు.

"మీ చేలో దిగమండి రాజుగారండీ" అంది ముఠా మేస్త్రి నాగదుర్గ. "కాలవ నీళ్లు పెట్టుకున్న చేలల్లో ఏమీ లేదండి. మీ దాంట్లోనే ఏదో ఉందండి."

"చేలో బురద కాకపోతే ఏముంటుందే!"

"గట్టు మీద నిలబడేవారికి దురదేం తెలుస్తుందండీ?"

ఆ మాట ఆయనకి సూటిగా తగిలింది. ఇంకో ముఠాని పిలిస్తే, సంగతి విని వాళ్లూ రామన్నారు. అక్కడ నారు ముదిరిపోతోంది. ముదురు నారు పిలకలు వెయ్యదు. వారం తిరిగేలోగా ఊడ్చకపోతే సార్వా పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి వచ్చింది హరిప్రియ. ఏలూరులో పౌరోహిత్యం చేసే సోమసుందరంగారి అమ్మాయి. పశువైద్యం చదివి, పశువుల నుంచి మనుషులకి అంటుకునే పురుగుల మీద పరిశోధన చేస్తోంది. స్కూటీ మీద మైక్రోస్కోప్ పెట్టుకుని ఇంటింటికీ వెళ్లి, "కొంచెం పేడ ఇస్తారాండీ" అని అడిగేది. ఊరు నవ్వింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకంది. నరసరాజు మాత్రం నవ్వలేదు, ఆ పిల్ల వెంటే తిరిగాడు.

హరిప్రియ ఆయన గుంటలోంచి నత్తల్ని ఏరి, గాజుగ్లాసులో నీళ్లు పోసి ఎండలో పెట్టింది. కాసేపటికి నీళ్లలో నలకల్లాంటివి కదిలాయి.

"ఇవేనండి బాబాయిగారూ. ఇవి వెతుక్కునేది పశువుని. తెలియక మనిషి కాల్లో దూరి, అక్కడ బతకలేక చస్తాయి. ఆ గోలే ఈ దురద. ఏదో పశువు ఒంట్లోంచి వీటి గుడ్లు గుంటలో పడి, నత్తల్లో పెరుగుతున్నాయి. దాన్ని పట్టుకుంటే గానీ ఇది ఆగదు. ఈ పురుగుల్లో ఒక రకం ముక్కులో చేరుతుంది. అది పట్టిన ఆవు గురక పెడుతుంది. మీ ఇంట్లో అలాంటిదేమైనా ఉందాండీ?"

"మా ఇంట్లో గురక పెట్టేది నేనొక్కణ్నేనమ్మా" అన్నాడు నరసరాజు తల వంచుకుని.

ఊళ్లో ఎవరినడిగినా అదే మాట, గురకంటే నరసరాజుదేనని. సరేనని హరిప్రియ పేడ వైపే వెతికింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఆఖరికి వెళ్లిపోతున్నానని చెప్పడానికి వచ్చింది. అన్నం పెట్టకుండా లక్ష్మీకాంతం పంపిస్తుందా? హాల్లో నరసరాజుకీ ఆ పిల్లకీ వడ్డించి, అప్పడాలు వేయించడానికి వంటింట్లోకి వెళ్లింది.

ముద్దపప్పులో నెయ్యి వేసుకుంటుండగా వినబడింది. ఘుర్ర్... ఘుర్ర్...

"ఏవండీ!" వంటింట్లోంచి కేక. "పరాయి పిల్ల భోంచేస్తుంటే పట్టపగలు నిద్రేమిటండీ! ఆ గురకేమిటండీ, పరువు తీసేస్తున్నారు!"

నరసరాజు చేతిలో ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"కాంతం! నేను అన్నం తింటున్నానే!"

ఘుర్ర్... మళ్లీ వినబడింది. హరిప్రియ ఎంగిలిచేత్తోనే పెరట్లోకి పరిగెత్తింది. వెనకాలే మొగుడు, అప్పడాల గరిటెతో పెళ్లాం. పడగ్గది కిటికీకి ఆనుకునే పశువుల పాక. అందులో, ఆ రోజు మేతకి తోలని గౌరమ్మ అనే ఆవు హాయిగా పడుకుని, నెమరేస్తూ, ఇల్లెగిరిపోయేలా గురక పెడుతోంది.

ముక్కులో చేరే రకం గుడ్లు పేడలో రావు, చీమిడిలోనే వస్తాయి. గౌరమ్మ చీమిడి మైక్రోస్కోప్ కింద పెడితే, కొడవలిలా వంగిన గుడ్డు కనబడింది. లక్ష్మీకాంతం ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. తలెత్తి మొగుడి ముఖం మాత్రం చూడలేకపోయింది.

"నిజం నిలకడ మీద తెలుస్తుంది కాంతం" అన్నాడు నరసరాజు, పక్కింటికి వినబడేంత గట్టిగా. ఎన్నాళ్ల నింద! ఆయనకి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

హరిప్రియ ఆవుకి మందు వేసి, దాన్ని గుంట వైపు వెళ్లనివ్వద్దంది. బాతుల జ్ఞానయ్య కొల్లేటి నుంచి తన మందని తోలుకొచ్చి గుంటలో వదిలితే, బాతులు నత్తల్ని పెళ్లిభోజనంలా మెక్కాయి. చేలో నీళ్లు తీసేసి, ఎండబెట్టి, కాలవ నీళ్లు పెట్టారు.

ముఠా వచ్చింది గానీ గట్టు దిగలేదు.

"డాక్టరమ్మ చెప్పారు, బాగానే ఉందండి" అంది నాగదుర్గ. "గోక్కోవలసింది మేం కదండీ!"

హరిప్రియ చెప్పులు విప్పబోతోంది. ఈలోగా లక్ష్మీకాంతం చీర కుచ్చిళ్లు ఎగదోపి బురదలోకి దిగిపోయింది. కాపురానికి వచ్చాక ఏనాడూ గట్టు దిగని మనిషి! చేను బాగుపడిందన్న తన మాట నిలబెట్టడానికే దిగిందని నరసరాజుకి తెలుసు.

ఎండెక్కేదాకా నాటింది. "అది వరసాండీ అమ్మగారూ, పాము పాకినట్టుందండి" అని నాగదుర్గ గట్టు మీంచి వేళాకోళం చేస్తూనే ఉంది. చివరికి లక్ష్మీకాంతం కాళ్లు కడుక్కుని చూపించింది. ఒక్క దద్దురు లేదు.

"పదండే!" అంది నాగదుర్గ. ముఠా అంతా గలగలమంటూ దిగింది.

అప్పుడు చేను నడిమధ్య నుంచి లక్ష్మీకాంతం గొంతెత్తింది. "ఏవండీ! ఇంటికెళ్లగానే మీ మంచం లోపల వేయించండి!"

ఆ వెంటనే ఇరవై గొంతులు గొల్లుమన్నాయి.

"మరి గౌరమ్మ మంచం ఎక్కడేయిస్తారండీ?" అంది నాగదుర్గ.

నరసరాజు చెవులు ఎర్రబడ్డాయి. గట్టు మీద నిలబడి సిగ్గుపడేకన్నా బురదే నయమనిపించింది. పంచె ఎగ్గట్టి, ఒక నారుకట్ట అందుకుని, కాంతం పక్క వరసలోకి దిగాడు.