మెడలో సైకిల్ తాళంచెవి

సైకిల్ తాళంచెవులు పోగొట్టడంలో గంగులప్పది అందెవేసిన చెయ్యి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఎన్ని పోయాయో భార్య ప్రసూనాంబ లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. ఆ ఉదయం ఇద్దరూ నగరిలో తిరుమలయ్య కిరాణా అంగడి ముందు సైకిల్ నిలబెట్టి, పక్క అంగట్లోని మెకానిక్‌ చేత వెనక చక్రానికి కొత్త తాళం బిగింపించారు. మెకానిక్ దాన్ని నొక్కి, రెండు తాళంచెవులు చేతిలో పెట్టాడు. ఒకటి గంగులప్ప వేళ్ల సందుల్లోంచి జారి మురిక్కాలవలో పడింది.

రెండోది ప్రసూనాంబ లాగేసుకుంది. ఆ రోజు ప్రసూనాంబ ఆ వీధిలోనే ఉన్న తన అక్క చంద్రకాంతమ్మ ఇంట్లో తాళి తాడు మార్చుకోవాలి. కొత్త పసుపుతాడుకు సూత్రాలతో పాటు తాళంచెవిని కూడా గుచ్చి, మొగుడి చేత మూడు ముళ్లూ వేయించుకుంది.

"ఇంక పోగొట్టు సూస్తాం!" అంది.

తిరిగొచ్చి చక్రం పక్కన చతికిలబడి, మెడ వంచి తాళంచెవి తిప్పింది. తాళం టక్కున తెరుచుకుంది. తాళంచెవి మాత్రం ఊడి రాలేదు. కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది. రాదే!

"అది కొత్త రకం తల్లీ," అన్నాడు తిరుమలయ్య గల్లాపెట్టె దగ్గర్నుంచి. "బీగం ఏస్తేనే సెవి బయటికొస్తాది. తీసినంతసేపూ దాంట్లోనే ఉంటాది. పోగొట్టుకునేవాళ్ల కోసమే సేసినారు."

తాళం వేసి చూసింది. మెడ వదిలింది, చక్రం బిగిసింది. తీస్తే చక్రం తిరుగుతుంది, తను కదల్లేదు. చక్రమైనా కట్టుబడి ఉండాలి, తనైనా కట్టుబడి ఉండాలి. ఈలోగా బియ్యం మూటల వ్యాను వచ్చి, సైకిల్ తియ్యమని ఒకటే హారన్. మెకానిక్కేమో షట్టర్ దించి తిరుత్తణి వెళ్లిపోయాడు. జనం పోగయ్యారు.

గంగులప్ప వంగి ముడి మీద గోరు పెట్టాడు. పసుపునీళ్లలో నానిన ముడి, ఎక్కడా లొంగలేదు. పొట్టి తాడు, తల మీంచీ రాదు.

"కత్తెర ఇయ్యి తిరుమలయ్యా. తెంపేస్తే సరి, ఇంటికి పోయి ఇంకోటి కడతా."

ప్రసూనాంబ తాళిని గుప్పిట్లో పట్టుకుంది. మొగుడు నిక్షేపంలా ఎదుట నిలబడి ఉండగా నడిబజారులో తాళి తెంపడమా? కళ్లలో నీళ్లు తిరిగాయి, వెనకే కోపమూ వచ్చింది.

"ఏమయ్యా, ఇరవై ఆరేండ్లలో నువ్వు ఊడకుండా కట్టింది ఇదొక్కటే. దీన్ని గూడా తెంపుతావా?"

జనం గొల్లుమన్నారు. గంగులప్ప నవ్వలేదు. కత్తెర వెనక్కిచ్చేసి, తనే వంగి తాళం నొక్కి, తాళంచెవి జాగ్రత్తగా బయటికి తీసి ఆమెను చెయ్యి పట్టి లేపాడు. తర్వాత సైకిల్ వెనక భాగం రెండు చేతులా పైకెత్తి, ముందు చక్రం మీద నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాడు. రెండు కిలోమీటర్లు, మిట్టమధ్యాహ్నపు ఎండ. ప్రసూనాంబ చేతులూపుకుంటూ ముందు నడిచింది.

టీ అంగడి దగ్గర ఎవరో కేకేశారు: "ఏమప్పా గంగులప్పా, పంచరా?"

"కాదబ్బా," అన్నాడు గంగులప్ప రొప్పుతూ, "పెండ్లి."