ఏడు పీతల వరుస

సీటు ఒక్కటే. ఎమ్మెస్సీ జువాలజీ మొదటి సంవత్సరంలో పదకొండు మంది. లక్షద్వీప్‌లోని కడ్మత్ దీవిలో ఇరవై రెండు రోజుల శిబిరానికి ఒక విద్యార్థిని పంపమని డిపార్ట్‌మెంటుకు ఉత్తరం వచ్చింది. అది 1986 జనవరి. ప్రొఫెసర్ రామభద్రరావు ఉత్తరం చదివి వినిపించి, "ఈత ఎవరికొచ్చు?" అని అడిగారు. మేబెల్ చెయ్యెత్తింది. ఇంకెవరూ ఎత్తలేదు.

క్లాసులో ఫస్టు కుసుమకుమారి. మేబెల్ ఐదో స్థానమో, ఆరో. అయితే మేబెల్ తండ్రి యేసురాజు రైల్వేలో హెడ్ క్లర్కు, రైల్వే వాళ్ల పిల్లలకు ఈత కొలను ఉంది. పద్మారావు నగర్‌లో కుసుమ వాళ్ల మేడ మీద నీళ్ల ట్యాంకు ఉంది.

మేబెల్ తిరిగొచ్చిన వారం, చిలకలగూడ క్వార్టర్సులో వాళ్లింట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు. దూరం వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగొస్తే ఆ ఇళ్లలో అది ఆనవాయితీ. కుసుమను పిలిచారు. స్నేహితురాలు వెళ్లకపోతే నలుగురూ అడుగుతారని వెళ్లింది. పాట, ప్రార్థన అయ్యాక యేసురాజు కూతురి వైపు తిరిగాడు.

"చూసింది చెప్పమ్మా. అందరూ అందుకే ఆగారు."

మేబెల్ గోడకు ఆనుకుని చెప్పింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడితే తాబేలు పక్కనుంచి వెళ్లిందట. ఆమెను ఒకసారి చూసి మళ్లీ సముద్రపు గడ్డి మేసుకుందట. ఒక చేప పగడపు దిబ్బను కొరుకుతుంటే ఆ చప్పుడు నీళ్లలో వినిపించేదట. ఆక్టోపస్ రాతి మీదకెక్కి రాతి రంగులోకి మారిందట.

కుసుమకు వాటన్నిటి లాటిన్ పేర్లూ వచ్చు. ఆక్టోపస్‌ను ఆమె పదహారు సార్లు గీసింది. డిపార్ట్‌మెంటు మ్యూజియంలో అది ఫార్మలిన్ సీసాలో ఉంటుంది, తెల్లగా, మూత చుట్టూ టేపుతో. అది రంగు మార్చుకోవడం మేబెల్ చూసింది. సెమిస్టరు పరీక్షలో ఆక్టోపస్‌కు ఎన్ని గుండెలో రాయలేని మేబెల్.

"ఇంకోటి ఉన్నది," అంది మేబెల్. "హెర్మిట్ క్రాబ్ అని ఒక పీత. దానికి సొంత గుల్ల ఉండదు. చచ్చిన నత్త గుల్లలో దూరి బతుకుతది. పెరిగినప్పుడల్లా ఇంకా పెద్ద గుల్ల దొరకాలె. ఒకరోజు ఒడ్డున ఒక ఖాళీ గుల్ల పడున్నది. ఒక పీత వచ్చి కొలిచి చూసుకున్నది. దానికి పెద్దగైంది. అయినా పోలే, పక్కకు ఆగింది. ఇంకోటి వచ్చింది, అదీ ఆగింది. ఏడు ఆగినయి. పెద్దది ముందు, చిన్నది వెనక, లైన్ కట్టినయి. ముందున్నది ఖాళీ గుల్లలోకి దూరగనే దాని పాత గుల్లలోకి రెండోది, రెండోదాని గుల్లలోకి మూడోది. నిమిషం సుత పట్టలే."

గది నవ్వింది.

"మన క్వార్టర్ల అలాట్‌మెంటే కదమ్మా," అన్నాడు యేసురాజు. "ఇంజనీరు గారు రిటైరయితే ఆ ఇంట్లోకి సూపరింటెండెంటు, ఆయనింట్లోకి నేను."

"మీకు మూడేళ్లు పట్టింది," అంది ఆయన భార్య కాంతమణి, టీ కప్పులు పంచుతూ. "వాటికి యూనియన్ లేదు కాబట్టి నిమిషంలో అయింది."

కుసుమ కూడా నవ్వింది. నవ్వుతూనే, తను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ సంగతి లేదని గుర్తు చేసుకుంది. ఈ గదిలో ముచ్చటపడి నవ్వినట్టు డిపార్ట్‌మెంటులో నవ్వరు.

గురువారం మేబెల్ సెమినార్. శిబిరం వాళ్లు రెండో ఉత్తరం రాశారు. నవంబరులో రెండు నెలల శిబిరం ఉంటుంది, ఈత రాకపోతే అక్కడే నేర్పుతారు. ఎవరిని పంపాలో సెమినార్ విన్నాక చెబుతానన్నారు రామభద్రరావు. మేబెల్ చెప్పింది తేలిపోతే తర్వాతి పేరు తనదేనని కుసుమకు తెలుసు.

మొదటి నెల నుంచి వాళ్లిద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉంది. ఇద్దరి రికార్డుల్లో బొమ్మలూ కుసుమ గీస్తుంది, ఇద్దరికీ ఇంగ్లీషు మేబెల్ రాసిపెడుతుంది. డిపార్ట్‌మెంటు నియమం ప్రకారం బొమ్మకు షేడింగ్ ఉండకూడదు, పెన్సిల్ చుక్కలే పెట్టాలి. కంటి ముందున్నది గీయాలి, పుస్తకంలోది కాదు. పుస్తకంలోంచి గీస్తే రామభద్రరావు ఎర్ర పెన్సిల్‌తో పేజీ అడ్డంగా కొట్టేస్తారు. సెమినార్ చార్టులు కూడా కుసుమే గీయాలని చెప్పుకోకుండానే తేలిపోయింది.

"పీతలది తీసేద్దామే," అంది మేబెల్, నోట్సు ఇస్తూ. "సార్ నమ్మడేమో. నువ్వేమంటవ్?"

"ఉంచు," అంది కుసుమ. "గీస్తాను. ఒక్కొక్కటీ ఎంతుందో చెప్పు."

మేబెల్ బొటనవేలితో కొలతలు చూపించింది. కుసుమ రాసుకుంది. తాబేలు, చేప, ఆక్టోపస్ ఒక సాయంత్రంలో అయిపోయాయి. పీతలకు మూడు సాయంత్రాలు పట్టింది. చూసినవాళ్లు నవ్వాలంటే బొమ్మ స్పష్టంగా ఉండాలి. భోజనానికి తల్లి కామేశ్వరమ్మ రెండుసార్లు పిలిచింది. నాలుగో పీత కాళ్లయ్యాక వస్తానంది.

గురువారం ఆ చార్టు బోర్డుకు తగిలించగానే వెనక బెంచీ నుంచి లూకా అన్నాడు.

"ఏందీ, రేషన్ షాపా? కిరోసిన్ గిట్ల ఇస్తున్నరా?"

అందరూ నవ్వారు. మేబెల్ చేతిలోని కాగితాలు కిందికి దిగాయి. కుసుమ తల దించుకుని బల్ల మీద గీతలు చూసింది. నవ్వు తను అనుకున్నంత సేపూ సాగింది.

రామభద్రరావు నవ్వలేదు. లేచి చార్టు దగ్గరకు వెళ్లి కళ్లజోడు తీసి చూశారు.

"ఎన్నిసార్లు చూశావు?"

"మూడుసార్లు సార్. రెండోసారి మధ్యలోనే చెదిరిపోయినయి."

"చెదిరినట్టు రాశావా?"

"రాసిన సార్. టైమ్ సుత రాసిన."

ఆయన నోట్సు తీసుకుని ఆ పేజీ చదివారు.

"ముప్పై ఏళ్లుగా వీటిని సీసాల్లో పెట్టిస్తున్నాను," అన్నారు. "ఒడ్డున కూర్చుని చూడలేదు. నవంబరులో నువ్వే వెళ్లు. రెండు నెలలూ ఇదే చూడు." చార్టు వైపు తిరిగారు. "బొమ్మ ఎవరిది?"

"కుసుమది సార్."

"నువ్వు నమ్మావా అమ్మా దీన్ని?"

కుసుమ లేచి నిలబడింది. "లేదు సార్."

"మరెందుకు గీశావు?"

పది మందీ ఆమె వైపు చూశారు. మేబెల్ కూడా.

"చూసింది తను కదా సార్."

"విన్నారా," అన్నారు రామభద్రరావు క్లాసుతో. "తనకు నమ్మకం లేదు. అయినా చూసిన మనిషి మాట మార్చకుండా గీసింది. ఇది నేర్చుకోండి."

లూకా అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. కుసుమ చెవులు వేడెక్కాయి. ఎర్ర పెన్సిల్ గీత పడి ఉంటే ఇంతకంటే సులువుగా కూర్చోగలిగేది.

సాయంత్రం ప్యారడైజ్ దగ్గర బస్టాపులో మేబెల్ ఉస్మానియా బిస్కెట్ల పొట్లం విప్పింది.

"నువ్వు ఉంచమనకుంటే తీసేస్తుంటినే. మమ్మీ నిన్ను ఆదివారం భోజనానికి తీసుకరమ్మన్నది."

"నవ్వుతారని గీశాను," అంది కుసుమ.

"ఏందీ?"

"అందరూ నవ్వుతారని. సార్ కూడా. అప్పుడు నవంబరు నాకు వస్తుందని."

మేబెల్ బిస్కెట్ నమలడం ఆపింది. పొట్లం మడిచింది. ఎదురుగా ఆగిన ఆటోవాణ్ణి చేత్తో పొమ్మంది. కుసుమ వైపు తిరిగింది.

"మరి గంత మంచిగ ఎందుకు గీసినవే?"

దానికి కుసుమ దగ్గర ఒక జవాబు ఉంది, స్పష్టంగా ఉంటేనే నవ్వుతారని. నోటి దాకా వచ్చాక అది చాల్లేదు. చివరి పీత మీసాలకే ఒక గంట కూర్చుంది. వెనక బెంచీ నుంచి ఆ మీసాలు ఎవరికీ కనిపించవు.

"ఏడోది వదిలేసిన గుల్ల ఉంటుంది కదా," అంది. "అందరికంటే చిన్నది. దాన్ని ఎవరు తీసుకున్నారు?"

"చూడలే," అంది మేబెల్. బస్సు వస్తోంది. బ్యాగు భుజాన వేసుకుంది. "నవంబర్ల చూస్తా."

ముందు తలుపులోంచి ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది. బ్యాగు పక్క సీటు మీద పెట్టుకుంది. రోజూ ఇద్దరూ వెళ్లే బస్సే అది. కండక్టరు, "వస్తవా అమ్మా?" అని అడిగాడు.

కుసుమ తల అడ్డంగా ఊపింది. బస్సు కదిలింది.