ఆరని కంప్యూటర్

మా ఆయన డ్యూటీ దిగి ఇంటికి తెచ్చేది ఒళ్లొక్కటే, బుర్ర స్టీల్ ప్లాంటు ఫర్నెస్ దగ్గరే ఉండిపోతుంది. పాలు పొంగుతుంటే "టెంపరేచర్ చూసుకోవాలి కదా ఇందూ" అంటారు గానీ స్టవ్ కట్టెయ్యరు.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టి ఐదేళ్లు, బళ్లో వేసే వయసు. ప్లాంటు వాళ్ల రిసాలి క్వార్టర్లలో మొదట మా ఇంటికే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. పక్కింటి సులోచనకీ కనెక్షన్ ఇద్దామని జామచెట్టు మీదుగా వైరు లాగింది ఈయనే. వైరు మీద ఉడతలు, కింద మా ఇద్దరి గిన్నెల రాకపోకలు. సులోచన చేపల పులుసు పంపితే ఆ గిన్నెలోనే నా గారెలు వెళ్లేవి.

కొన్నాళ్లకి నెట్ నత్తనడక పట్టింది. ఈయన గోడ దగ్గర నిలబడి, "మీ అమ్మాయి సిరి కంప్యూటర్ వల్లే సులోచనమ్మా" అనేశారు. ఆపైన మోడెం పక్క డబ్బాలో ఏదో నొక్కి, ఒకసారికి ఒక్క కంప్యూటరే పనిచేసేలా పెట్టారు.

"ముందు ఎవరు పెడితే వాళ్లకే. రూలు నాకూ ఒకటే."

న్యాయమే. కాకపోతే ఈయన కంప్యూటర్ ఎప్పుడూ ఆగదు. "ఫర్నెస్ ఎవరైనా ఆర్పుతారా?" అంటారు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పరు. సిరి వంతు రానే లేదు. సులోచన గిన్నె నా అలమారలోనే ఉండిపోయింది. చిత్రమేమిటంటే, ఒక్కటే నడుస్తున్నా మా నెట్ మాత్రం నత్తే.

ఒక మధ్యాహ్నం సిరి ఏడుపు మొహంతో వచ్చింది. "ఆంటీ, కాలేజీ ఆప్షన్లు పెట్టడానికి ఆజ్ హీ, ఇవాళే లాస్ట్ డేట్. సుపేలాలో సైబర్ కేఫ్ బంద్. ఇంట్లో నెట్ ఆ హీ నహీ రహా, అసలు రావట్లేదు."

"నువ్వు ఇంటికెళ్లి కంప్యూటర్ పెట్టమ్మా. నేను టేబుల్ తుడుస్తాను."

తుడుపులో ఈయన కంప్యూటర్ ప్లగ్గు ఊడిపోయింది. గుడ్డలకి కళ్లుంటాయా?

షిఫ్టు దిగి వచ్చిన ఈయన కంప్యూటర్ వేశారు. నెట్ లేదు.

"ఇందూ, ఏటిది?"

"పక్కింటివాళ్లు ముందు పెట్టారటండీ. రూలు కదా."

చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి నడిచారు. గిన్నెలో గారెలు పెట్టుకుని వెనకే నేనూ వెళ్లాను. సిరి నొక్కిన ప్రతి పేజీ టక్కున తెరుచుకుంటోంది.

"ఇంత స్పీడేటి? మాకెందుకు రాదు?"

"అంకుల్, అప్పట్లో మీ దాంట్లో నాచేత పాత పాటలు డౌన్‌లోడ్ పెట్టించారు కదా, వో రుకా క్యా? అది ఆగిందా?"

ఈయనకి నెలల తరబడి ఆపని పాటల ఫర్నెస్ అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"ఆప్షన్లు పడిపోయాయి మమ్మీ!" సిరి కుర్చీలోంచి ఎగిరింది.

సులోచన కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "ఏటి వదినా, గిన్నె ఇన్నాళ్లకా?"

ఈయన గొంతు సవరించుకున్నారు. "తప్పు నాదే సులోచనమ్మా. నెట్టంతా మింగింది మీ సిరి కాదు, నేనే."